అవ్వ మోకాళ్ళకి ఉడుము నూనె

మా ఇంట్లో పచ్చని ఉంచుకున్నది పెంచుకోవడానికి కాదు, చంపడానికి. ఆ సంగతి మొదటి రోజే అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే రోజూ పొద్దున దానికి మందార పూలు కోసుకొచ్చేదాన్ని.

అది ఇగువానా. బల్లి జాతే, కానీ తోకతో కలిపి కొలిస్తే నా భుజం దాకా వచ్చేది. ఒళ్ళు లేత అరిటాకు రంగు. గడ్డం కింద వేలాడే తోలు, వీపు మీద దువ్వెన పళ్ళలాంటి ముళ్ళ వరుస. అమ్మ బట్టలుతికే దొరల ఇంటి అమ్మాయి జోసెలిన్ దాన్ని పెంచింది. ఆమె మేనమామ ఓడలో పనిచేసేవాడు. పనామా అవతలి నుంచి అరచేతిలో పట్టేంత పిల్లని బిస్కెట్ల డబ్బాలో పెట్టి తెచ్చాడట. జోసెలిన్ దాన్ని ఎమ్రోద్ అని పిలిచేది. అంటే పచ్చరాయి. నేను మనసులో పచ్చ అనుకునేదాన్ని.

ఆ ఏడు ఎన్నికలు రాకముందే జోసెలిన్ వాళ్ళ నాన్న ఆస్ట్రేలియాకి టికెట్లు కొన్నాడు. ఈ దీవికి స్వాతంత్ర్యం వస్తే తమలాంటి వాళ్ళకి ఇక్కడ చోటుండదని ఆయన భయం. ఓడలో జంతువుల్ని ఎక్కించుకోరు. ఉతికిన దుప్పట్లు ఇవ్వడానికి వెళ్ళిన నా చేతిలో జోసెలిన్ గంప పెట్టింది.

"ఆకులు, పూలు, పండ్లు. అంతే. మాంసం పెట్టొద్దు. గుడ్డు ఇష్టంగా తింటుంది, అయినా పెట్టొద్దు. తిన్నాక ఎండలో పడుకోనివ్వు, కడుపు వేడెక్కితేనే దానికి అరుగుతుంది. తుమ్మితే తెల్లగా ఉప్పు పడుతుంది, భయపడకు, జబ్బు కాదు. నడినెత్తిన ఈ పొలుసు చూశావా? దీని కింద ఇంకో కన్ను లాంటిది ఉంది. నీడ పడితే తెలుస్తుంది. అందుకే చెయ్యి పైనుంచి పెట్టకు, గద్ద వచ్చిందనుకుంటుంది. తోక పట్టుకోకు. మర్చిపోవు కదా?"

మర్చిపోనని తల ఊపాను. ఆమె ఏడ్చింది. నాకేమో, నాకంటూ ఒకరు ఒక వస్తువు ఇవ్వడం అదే మొదటిసారి అని సంతోషంగా ఉంది. మా ఊరు కాంప్ ద మాస్క్ దాకా గంప నెత్తిన పెట్టుకునే నడిచాను.

మా అవ్వ కనకమ్మ అరుగు మీద పీట వేసుకుని కూర్చుని ఉంది. రెండు మోకాళ్ళకీ ఆముదపు ఆకులు కట్టుకుని ఉంది. గంప మూత తియ్యగానే చేతికర్ర కింద పడేసింది.

"ఉడుము! ఓరి నాయనో, ఉడుము!"

ఈ దీవిలో ఉడుములు లేవు. అవ్వ కూడా ఎప్పుడూ చూడలేదు. అవ్వ వాళ్ళమ్మ విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి చెరుకు తోటల్లో పనికి వచ్చింది. ఆవిడ చెప్పిన కథల్లో ఉండేది ఉడుము. దొంగలు దాని నడుముకి తాడు కట్టి గోడ మీదకి విసిరి, ఆ తాడు పట్టుకుని పైకి ఎక్కేవాళ్ళట. దాని కొవ్వు కాచి తీసిన నూనె రాస్తే కుంటివాడు పరిగెత్తేవాడట.

"అవ్వా, ఇది ఇగువానా," అన్నాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు.

"ఏంటి గొణుగుతోంది?"

"పేరు చెప్తోంది అత్తా," అంది చిన్నమ్మ. చిన్నమ్మ అంటే మా బాబాయి పెళ్ళాం వసంతి. పక్క గదిలోనే ఉంటారు. "మీ మనవరాలికి మాటలొచ్చాయి. ఆయో, కొబ్బరికాయ కొట్టించండి."

నాయన పొలం నుంచి అప్పుడే వచ్చాడు. చెరుకు మసి చేతులు కడుక్కోకుండానే గంపలో చెయ్యి పెట్టి తోక పట్టుకుని లాగాడు. వద్దు అనే మాట నా నోట్లో ఇంకా తయారవుతుండగానే పుటుక్కుమంది. తోక నాయన చేతిలో ఉండిపోయింది. పచ్చ మొండి నడుముతో గోడ మూలకి పాకింది. తోక మాత్రం నాయన గుప్పిట్లో అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంది.

చిన్నమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "అత్తా, ఉడుము పట్టు పడితే విడవదంటారే! దీని తోకే ఊడి చేతికొచ్చింది!"

"ఇక్కడి గాలి అలాంటిది," అంది అవ్వ. "ఈ దీవిలో పుట్టిన మగాళ్ళకే పట్టు లేదు. ఉడుముకి ఎక్కడినుంచి వస్తుంది?"

నాయన ఒక్కడే నవ్వలేదు. తోక పారెయ్యబోతే అవ్వ ఆపింది. మిరియాలు దంచి వేయించి, చారు కాయించుకుని తాగింది. మర్నాడు కర్ర లేకుండా జామ చెట్టు దాకా వెళ్ళి వచ్చింది. కుడి మోకాలు కీచుమనడం లేదని ఇంటింటికీ చెప్పి పంపింది.

"తోకకే ఒక మోకాలు వచ్చింది. మొత్తం కోస్తే రెండూ రావూ?"

"అయితే ఇప్పుడే కోసేస్తాను," అన్నాడు నాయన.

"ఎముకలు తప్ప ఏముంది దాంట్లో? బక్కదాన్ని కాస్తే నూనె వస్తుందా? మేపండి. కొవ్వు పట్టనియ్యండి."

అలా పచ్చ మా ఇంట్లో మిగిలింది. నాయన పాత పెట్టె చెక్కలకి తీగ కొట్టి బోను చేశాడు. ఎండ పడని చోట, పశువుల పాకలో మూలన పెట్టాడు. మొండి తోకకి నేను పసుపు అద్దుతుంటే అవ్వ ఏమీ అనలేదు. పుండు కుళ్ళితే మాంసం చెడుతుందని.

ఉడుము ఏం తింటుందో అవ్వకి వాళ్ళమ్మ చెప్పింది. ఎలకలు, కప్పలు, కోడిపిల్లలు. అందుకని పచ్చకి కోడి పేగులు, ఉప్పు చేప, రెండు రోజులకో గుడ్డు. నేను తెచ్చిన మందార పూలు చూసి చిన్నమ్మ, "పెళ్ళికూతురికి జడ వేస్తున్నావా?" అనేది. అయినా అవ్వకి ఎక్కడో కొంచెం అనుమానం ఉన్నట్టుంది. సాయంత్రాలు మాకు తెలుగు చెప్పే గోపాలం మాస్టారిని పిలిపించింది. ఆయన చంకలో వాచకం పెట్టుకుని వచ్చాడు. అక్షరాల బొమ్మల్లో ఉ దగ్గర ఉడుము ఉంది. నల్ల సిరాతో అచ్చేసిన బొమ్మ. నాలుగు కాళ్ళు, ఒక తల, ఒక తోక. మాస్టారు పుస్తకాన్ని బోను పక్కన పట్టుకుని ఒకసారి బొమ్మనీ ఒకసారి పచ్చనీ చూశాడు.

"అచ్చం ఇదే, కనకమ్మగారూ. తోక ఒక్కటే తక్కువ."

పుస్తకంలో ఉన్న తర్వాత ఇంక ఎవరికీ ఏమీ అడగాల్సింది లేదు.

వాగు దగ్గర దుప్పటి పిండుతూ అమ్మతో చెప్పాను. "అది ఆకులే తింటుందమ్మా. జోసెలిన్ చెప్పింది."

"మీ అవ్వతో చెప్పు."

"నువ్వు చెప్పమ్మా."

"ఆవిడతో నేను పడాల్సినవి చాలా ఉన్నాయి. బల్లి కోసం కూడానా?" అంది అమ్మ. దుప్పటి రెండో కొస నా చేతికిచ్చి మెలి తిప్పింది.

చలికాలం వచ్చింది. పాకలో పొద్దున పూట పచ్చ ఒళ్ళు రాయిలా చల్లగా ఉండేది, రంగు నల్లబడేది. పేగులు తిని కళ్ళు మూసుకునేది. రానురాను వేళ్ళు వాటంతట అవే అదిరేవి. వెనక కాళ్ళు లావెక్కాయి. "కండ పడుతోంది," అని అవ్వ మురిసిపోయింది. కానీ పచ్చ ఆ కాళ్ళ మీద లేవలేకపోయేది. పొట్ట నేలకి ఈడ్చుకుంటూ నీళ్ళ మూకుడు దాకా వచ్చేది.

మా ఆవుకి పొదుగు వాస్తే జీన్ వచ్చాడు. జీన్ ఎస్టేటు పశువుల డాక్టరు దగ్గర మందులు కలుపుతాడు. ఊళ్ళో ఆవుల్ని కూడా చూస్తాడు. నాయన వయసు మనిషి, మా వాళ్ళలో వాడు కాదు, క్రియోల్, పళ్ళ సందున ఎప్పుడూ గడ్డి పరక ఉంటుంది. అతను చేతులు కడుక్కుంటుంటే పచ్చని రెండు చేతుల మీదా పెట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

"ఆయో! ఇదేంటి తిఫి, డ్రాగన్ పిల్లా?" తిఫి అంటే చిన్నపిల్లా అని. "నాకు ఆవు తెలుసు, మేక తెలుసు. దీనికి నేనేం చెయ్యను?"

అయినా పట్టుకున్నాడు. కింది దవడ వేలితో నొక్కితే రబ్బరులా వంగింది. నవ్వు ఆపేశాడు.

"ఎండ చూపించకుండా పెంచిన దూడకి ఇలా అవుతుంది. ఎముక మెత్తబడిపోయింది. ఏం పెడుతున్నారు?"

చెప్పాను. అంతకుముందు అన్ని మాటలు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. జోసెలిన్ చెప్పిందంతా చెప్పాను.

"ఆ అమ్మాయి చెప్పినట్టే చెయ్యి. గుడ్డు పెంకులు దంచి ఆకుల మీద చల్లు. తీగ వెనక ఎండ కాదు, నేరుగా ఒంటి మీద పడే ఎండ. బతికితే బతుకుతుంది."

పచ్చని బతికించింది నేను కాదు. గోవిందుడి నెల. ఆ నెలంతా మా ఇళ్ళలో చేప, గుడ్డు, మాంసం ముట్టరు. కత్తికి రక్తం అంటకూడదు. శనివారాలు నాయన మెడలో హార్మోనియం వేసుకుని భజన నడిపిస్తాడు. ఇంట్లో పేగులు లేకపోతే పచ్చకి పెట్టేదేముంది? "నెల రోజులు గడ్డి తిననీ. నెల దాటాక కోసేద్దాం," అంది అవ్వ. అందరూ భజనల పనిలో పడి పాక వైపు రావడం మానేశారు. నేను ఇక్కడ మురుం అని పిలిచే మునగాకు, గుమ్మడి తీగ చివళ్ళు, మందార పూలు పెట్టాను. గుడ్డు పెంకులు నెల మొదలు కాకముందే దాచుకున్నాను. బడికి వెళ్ళేముందు పచ్చని పాక కప్పు మీదకి ఎక్కించి, అది వేడెక్కి నలుపు నుంచి పచ్చగా మారేదాకా నిలబడి చూసేదాన్ని. బడికి ఆలస్యమయ్యేది.

అది కోలుకుంది. మొదట ముందు కాళ్ళు, తర్వాత వెనకవి. మొండి చివర నల్లటి కొత్త తోక మొలక వచ్చింది. నన్ను చూసి తల పైకీ కిందకీ ఊపేది. ఒకసారి నా ముఖం మీదే తుమ్మింది. పెదవుల మీద ఉప్పు తగిలింది.

తర్వాత తినడం మానేసింది. కానీ పొట్ట మాత్రం పెరిగింది. రెండు పక్కలా ఉబ్బి, పైన చర్మం బిగిసింది. రోజంతా బోను మూల గోళ్ళతో గీకేది. గోళ్ళ దగ్గర రక్తం కారేది.

అవ్వ కర్రతో పొట్ట మీద పొడిచి చూసింది. "చూశారా? ఉపవాసంలో కూడా కొవ్వు పట్టింది. గోవిందుడు నా మోకాళ్ళ మొర విన్నాడు. రామలూ, నెల అవగానే ఆదివారం."

రామలు మా నాయన పేరు. ఆయన సరే అన్నాడు.

జీన్ మళ్ళీ ఆవు కోసం వచ్చినప్పుడు పచ్చని పాక వెనక్కి తీసుకెళ్ళాను. ఇద్దరం గడ్డి మోపు మీద కూర్చున్నాం. అతను పొట్ట కింద చెయ్యి పోనిచ్చి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టాడు.

"నొక్కకు. ఊరికే తడిమి చూడు. కొవ్వు ఇలా గుండ్రంగా ఉంటుందా?"

సంచిలో గోళీకాయల్లా ఒకదాని పక్కన ఒకటి జారాయి.

"గుడ్లు," అన్నాడు. "బోలెడు. గొయ్యి తవ్వుకోవడానికి తడి మట్టి కావాలి దీనికి. దొరక్కపోతే లోపలే ఉండిపోయి చస్తుంది."

నేను అడగలేని ప్రశ్న అతనే నా ముఖంలో చదివాడు. "మగది అక్కర్లేదు. ఒంటరి కోడిపెట్ట పెట్టదూ? అంతే. ఉత్త గుడ్లు. దీవి మొత్తానికి ఇది ఒక్కటే, పిల్లలెక్కడినుంచి వస్తాయి?"

పేడ గంపతో మూల తిరిగిన చిన్నమ్మ మమ్మల్ని చూసింది. ఏమీ అనలేదు. అందుకే నాకు భయం వేసింది.

మా వాళ్ళకి ఒక నియమం ఉంది. చూలుతో ఉన్నదాన్ని కొయ్యరు. అమ్మోరికి మొక్కుకున్న మేక అయినా చూలుదని తెలిస్తే తాడు విప్పేస్తారు. అవ్వ వాళ్ళమ్మ తోట పనికి వచ్చిన కాలం నుంచి ఆ నియమం తప్పలేదు. కాబట్టి నేను చెయ్యాల్సింది ఒక్కటే, మాట పలకడం. అన్నాలప్పుడు ఆ ఒక్క మాటని నమిలి నమిలి చివరికి అన్నాను.

"పచ్చ చూలుతో ఉంది."

అందరి చేతులూ ఆగాయి. నేనంత గట్టిగా మాట్లాడగా వాళ్ళెప్పుడూ వినలేదు.

"ఏమిటీ?" అంది అవ్వ.

"కడుపులో గుడ్లున్నాయి, అవ్వా. అది కొవ్వు కాదు. కొయ్యకూడదు."

"మగది లేకుండా చూలా?" అంది చిన్నమ్మ. తాపీగా పప్పు వడ్డించుకుంది. "ఏ దేవుడిచ్చిన వరమో! ఎవరు చెప్పారమ్మా నీకీ చూలు సంగతులు?"

నేను పళ్ళెంలోకి చూశాను.

"చెప్పదు. నేను చెప్తాను. పాక వెనకాల గడ్డి మీద ఆ జీన్ పక్కన కూర్చుంది. పొట్ట మీద చెయ్యి పెట్టి నేర్పిస్తున్నాడు. బల్లి పొట్ట మీదేలే, బావగారూ, కంగారు పడకండి. ఇవాళ్టికి బల్లిదే."

నాయన లేచాడు. కోడిపెట్ట సంగతి నా నాలుక చివర ఉంది. అది బయటికి వచ్చేలోపే దవడ మీద దెబ్బ పడింది. పళ్ళెం తిరగబడింది. అమ్మ నా వైపు చూడలేదు. నేల మీద అన్నం ఏరుతూ కూర్చుంది.

"శనివారం భజనలో ముందు నిలబడే వాణ్ణి నేను," అన్నాడు నాయన. "నా వెనక జనం ఏం చెప్పుకోవాలి?"

"దొరల ఇంటి గంప మోసినప్పుడే అనుకున్నాను," అంది అవ్వ. "చదువు చాలు. బడి మానిపించెయ్. పాక వైపు కూడా వెళ్ళకూడదు. జీన్ గడప తొక్కితే కాళ్ళు విరుగుతాయని చెప్పు."

మర్నాటి నుంచి నా స్లేటు సంచి మేకుకి వేలాడుతూనే ఉంది.

నెల చివరి శనివారం అందరూ నామాలు పెట్టుకుని గుడికి వెళ్ళారు. నేను మైల అని అబద్ధం చెప్పి ఇంట్లో ఉండిపోయాను. బోను తీగ విప్పాను. పచ్చని ఎత్తుకుని చెరుకు నరికేసిన పొలం దాటి, వాగు ఒడ్డున పొదల్లో వదిలాను. బరువుగా, మెల్లగా పాకింది. ఒకసారి తల తిప్పింది. నేను వెనక్కి చూడకుండా పరిగెత్తాను.

తెల్లారి అవ్వ కేకలకి లేచాను. పచ్చ తిరిగి వచ్చేసింది. రోజూ ఎండ కాగిన పాక కప్పు కోసమో, పూల కోసమో తెలియదు. కానీ కప్పు ఎక్కలేదు. అవ్వ చిక్కుడు పాదులో మెత్తటి మట్టి ఉంది. అందులో మెడ దాకా, భుజాల దాకా, నడుము దాకా దూరి తవ్వుతోంది. ముందు కాళ్ళతో మట్టి వెనక్కి చిమ్ముతోంది. దానికి ప్రపంచం పట్టలేదు.

"చూడండి, చూడండి, బొరియలో దూరింది!" అవ్వ ఆనందం చెప్పలేనిది. "ఉడుము కాదన్న వాళ్ళెవరు? మా అమ్మ చెప్పినట్టే! లాగరా రామలూ, పట్టు చూడు!"

నాయన వెనక కాళ్ళు పట్టి లాగాడు. ఈసారి అది నిజంగానే పట్టుకుంది. గోళ్ళు మట్టిలో దింపి వదల్లేదు. బాబాయి కూడా వచ్చి పట్టాడు. ఇంకాసేపు ఆగి ఉంటే వాళ్ళ కళ్ళ ముందే గుడ్లు పెట్టేది. నేను ఆ మాట అన్నాను. అరిచాను కూడా. చిన్నమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె వేళ్ళు ఉల్లిపాయ వాసన వేస్తున్నాయి.

మొద్దు మీద పెట్టారు. చెరుకు కొట్టే కత్తి పైకి లేచినప్పుడు దాని నీడ పచ్చ నెత్తి మీద పడింది. అది ఒక్కసారిగా ఒళ్ళు పలచన చేసుకుని మొద్దుకి కరుచుకుపోయింది. గద్ద అనుకుంది.

కడుపు కోసింది చిన్నమ్మ. అవ్వ పక్కనే పెద్ద గిన్నె పట్టుకుని పీట మీద కూర్చుంది. గిన్నెలోకి కొవ్వు పడలేదు. గుడ్లు పడ్డాయి. తెల్లగా, మెత్తగా, తోలు సంచుల్లా, ఒకదానికొకటి అంటుకుని. చిన్నమ్మ చెయ్యి పెట్టిన కొద్దీ వచ్చాయి. గిన్నె నిండింది. పక్కనున్న చేట కూడా నిండింది. కొవ్వు గోరంత ఉంది. ఉన్నదంతా పచ్చ వాటికే పెట్టేసింది.

ముందు అవ్వ గిన్నె జారవిడిచింది. తర్వాత చెంపలు వాయించుకోవడం మొదలుపెట్టింది.

"చూలుది! చూలుదాన్ని కోయించాను! గోవిందుడి నెల దాటి ఒక్క పూట కాలేదు! అమ్మోరు నన్ను బతకనిస్తుందా?" అంతలో ఆమె కళ్ళు నా మీద పడ్డాయి. "దీన్ని మేపింది నువ్వు కదే. రోజూ చేత్తో పట్టుకున్నది నువ్వు కదే. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

నేను నాయన వైపు చూశాను. ఆయన కత్తి గడ్డికి తుడుస్తున్నాడు.

"నోట్లో నాలుక లేని పిల్ల," అన్నాడు. "చెప్పి ఉంటే నేను ఆగేవాణ్ణి కాదా?"

"గట్టిగా చెప్పొద్దూ?" అంది చిన్నమ్మ. "నాకేదో చెవిన పడ్డట్టుంది కానీ, అలా గొణిగితే ఎవరికి తెలుస్తుంది?"

అమ్మ కూడా అక్కడే ఉంది. చేటలో గుడ్లు దొర్లకుండా సర్దుతోంది. సాయంత్రానికి ఊరంతటికీ తెలిసింది, రామలు కూతురు తెలిసి కూడా చెప్పలేదని. పాపం కడగడానికి నన్ను ఏడాది పాటు శనివారాలు పస్తుండమన్నారు. బడి ఎలాగూ లేదు.

ఆ రోజు చీకటి పడే వేళ అవ్వ నన్ను పిలిచింది. పచ్చని అప్పటికే చిక్కుడు పాదు వెనక పూడ్చేశారు. ఎవరూ తినలేదు. అవ్వ ముందు ఇసుక పోసిన చేట ఉంది. గుడ్లన్నీ అందులో వరసగా పేర్చి ఉన్నాయి. ఆమె గొంతు నాకు కొత్తగా వినిపించింది. బతిమాలే గొంతు అది.

"రుకీ, మగది లేకుండా గుడ్లు రావు కదా? ఆ దొరల ఇంట్లో మగది ఉండేదా?"

నేను ఆమెని చూశాను. ముడతల మధ్య కళ్ళు తడిగా ఉన్నాయి. కోడిపెట్ట సంగతి ఇప్పుడు చెప్పొచ్చు. వినేవాళ్ళు ఉన్నారు, కొట్టేవాళ్ళు లేరు.

"ఉండేది, అవ్వా," అన్నాను. "ఇంకా పెద్దది. దాన్ని వేరే ఎవరికో ఇచ్చేశారు."

"అయితే ఇవి పిల్లలవుతాయా?"

"తడి ఇసుకలో పెడితే అవుతాయి. జోసెలిన్ చెప్పింది."

"పిల్లలైతే పాపం పోతుంది," అంది అవ్వ. "ఒక్కటి బతికినా చాలు. అమ్మోరు ఒప్పుకుంటుంది."

"కానీ అవ్వా, నీళ్ళు పైనుంచి పొయ్యకూడదు. కుళ్ళిపోతాయి. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో కొంచెం కొంచెం చల్లాలి. పొద్దునా సాయంత్రం. వేరేవాళ్ళు చల్లితే పనికిరాదు. ఎవరి చెయ్యి అలవాటైతే ఆ చెయ్యే."

నా జీవితంలో నేను అంత స్పష్టంగా మాట్లాడటం అదే. ప్రతి మాటా ఆమె విన్నది. తల ఊపింది.

పాక గోడ పక్కన గొయ్యి తవ్వించి ఇసుక పోయించింది. గుడ్లు పెట్టి పైన చిన్న దీపం వెలిగించింది. పొద్దునా సాయంత్రం పసుపు నీళ్ళ చెంబుతో వెళ్తుంది. కర్ర గోడకి ఆనించి, ఒక మోకాలు, తర్వాత రెండోది నేల మీద పెడుతుంది. పెట్టేటప్పుడు వచ్చే చప్పుడు వంటింట్లోకి వినిపిస్తుంది. ఎండిన చెరుకు గడ విరిచినట్టు. తోక చారు తాగాక బాగుపడిందన్న కుడి మోకాలే ముందు వాచింది.

"అత్తా, మీకెందుకు ఈ అవస్థ? రుకిని చల్లమనండి," అంది చిన్నమ్మ ఒకరోజు.

"చెయ్యి మారితే పిల్లలు చస్తాయి. నీకేం తెలుసు?" అని అవ్వ కసిరింది.

తుపానుల కాలంలో గొయ్యి మీద రేకు కప్పి, వానలో పక్కనే గోనె సంచి నెత్తిన వేసుకుని కూర్చుంది. అవ్వ నిద్రపోయిన ఒక మధ్యాహ్నం నేను ఇసుక తోడి చూశాను. గుడ్లు పసుపు పచ్చగా మారి, ఎండిన నిమ్మకాయల్లా లోపలికి కుంగిపోయాయి. కొన్నింటికి బూజు పట్టింది. మళ్ళీ ఇసుక కప్పి, అవ్వ వేళ్ళ గీతలు ఉన్నట్టే నా వేళ్ళతో గీతలు గీశాను.

మార్చిలో స్వాతంత్ర్యం వచ్చింది. ఊరంతా జెండా చూడటానికి బడి మైదానానికి వెళ్ళింది. నాయన పిల్లలతో పాట పాడించాడట. బడి పిల్లలకి మిఠాయి పంచారట. నన్ను తీసుకెళ్ళలేదు. అవ్వ తనంతట తానే వెళ్ళలేదు.

"ఇవాళ మంచి రోజు," అంది చెంబు నింపుకుంటూ. "ఇవాళ బయటికి వస్తాయంటావా?"

"ఇవాళ కాకపోతే రేపు, అవ్వా."

ఆమె పాక వైపు వెళ్ళింది. నేను వంటింట్లో పప్పు ఏరుతున్నాను. ఒక మోకాలు, తర్వాత రెండోది. నీళ్ళు చిలకరించిన చప్పుడు. గోవిందా గోవిందా అని గొణుగుడు. ఎక్కడో మైదానంలో టపాసులు పేలాయి.

కాసేపటికి అవ్వ పిలిచింది.

"రుకీ, మోకాళ్ళు పట్టేశాయే. లేవలేకపోతున్నాను. వచ్చి లేపవే."

"వస్తున్నా, అవ్వా," అన్నాను.

చేటలో రాళ్ళు ఇంకా ఉన్నాయి. అన్నీ ఏరాక వెళ్ళాను.